ఎండాకాలం లాంగ్ రన్‌లు మొదలయ్యే ముందు మన రన్నింగ్ బ్యాచ్ వాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఉగాది వెళ్ళి ఇంకా పది రోజులు కాలేదు. మొన్న ఆదివారం ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు దిగేసరికి ఆరు కూడా కాలేదు, అప్పటికే అందరి టీషర్టులూ పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. బెజవాడ ఎండల గురించి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం మనలో ఎవరూ పరిగెత్తరు కూడా. మనకి ముప్పు వచ్చేది తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, పదిమందిమి కబుర్లు చెప్పుకుంటూ హుషారుగా పరిగెడుతున్నప్పుడు. ఎండ లేదు కదా అన్న ధీమా ఒకటి, పక్కవాడు ఆగలేదు కదా అన్న పంతం ఒకటి. ఈ రెండూ కలిసినప్పుడే వడదెబ్బ తగులుతుంది.

రెండేళ్ళ కిందట మే నెలలో జరిగింది చెప్తాను. కొత్తగా చేరినవాళ్ళకి తెలియదు, పాతవాళ్ళు కూడా మర్చిపోతున్నారు.

ఆ రోజు పద్మావతి ఘాట్ దగ్గర నాలుగున్నరకి బయల్దేరాం. బ్యారేజీ మీదుగా ఉండవల్లి వైపు వెళ్ళి రావాలి, మొత్తం 18 కిలోమీటర్లు. మా అందరిలోకీ గట్టివాడనుకునే అన్న ఒకాయన ఉన్నాడు. ముందురోజు ఆయనకి విరేచనాలయ్యాయి. మాత్ర వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు. తిరుగుదారిలో పద్నాలుగో కిలోమీటరు దగ్గర వెనకబడ్డాడు. "బాగానే ఉన్నావా అన్నా?" అంటే "ఆ, ఆ" అన్నాడు. "ఇంకెంత దూరం?" అని అడిగాడు. చెప్పాను. నిమిషం తర్వాత మళ్ళీ అదే అడిగాడు. మూడోసారి అడిగినప్పుడైనా నాకు తట్టాల్సింది. బ్యారేజీ నడిమధ్యకి వచ్చాక గిర్రున వెనక్కి తిరిగి సీతానగరం వైపు పరుగు లంకించుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది, పైన చెమట ధారలు కడుతోంది. "చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అన్నారొకరు. "వేడి ఒంటి మీద చన్నీళ్ళు పోస్తే ప్రమాదం, పోయకండి" అన్నారు ఇంకొకరు. ఆ వాదనలో నాలుగైదు నిమిషాలు పోయాయి. ఆలోగా మా నీళ్ళ స్కూటర్ వచ్చింది. థర్మాకోల్ పెట్టెలో ఉన్న నీళ్ళూ ఐసూ అన్నీ ఆయన మీద గుమ్మరించి, అట్టముక్కలతో విసురుతూ కూర్చున్నాం. 108 వచ్చేసరికి తన పేరు తను చెప్పగలిగాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, బతికి బయటపడ్డాడు. బండి ఎక్కించేలోపే ఒళ్ళు చల్లార్చడం వల్లే నిలబడ్డాడని డాక్టరుగారు చెప్పారు. ఆ నాలుగైదు నిమిషాలు మాత్రం నన్ను ఇప్పటికీ వదలవు.

పరిగెత్తేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవడానికి మనకున్న పెద్ద దారి చెమట. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. అది ఆరాలి, అప్పుడే వేడిని తీసుకుపోతుంది. మనది సముద్రానికి దగ్గర ఊరు, పక్కన కృష్ణ, ఊరి మధ్యలో కాలవలు. తెల్లవారుజామున వేడి తక్కువే కానీ, గాలిలో తేమ శాతం రోజు మొత్తంలో అప్పుడే ఎక్కువ. 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉందంటే ఒంటికి 39 డిగ్రీల్లా తెలుస్తుంది. చెమట ఆరదు, కారిపోతుంది. గుండె అటు కండరాలకీ రక్తం పంపాలి, ఇటు చర్మానికీ పంపాలి. అందుకే డిసెంబరులో హాయిగా పరిగెత్తిన వేగమే మేలో ఆయాసం తెప్పిస్తుంది.

రాత్రి పరుగుకి కూడా ఇదే వర్తిస్తుందని నమ్మకం కుదరకపోతే దోహా సంగతి గుర్తుచేసుకోండి. 2019 సెప్టెంబరు 27న ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఆడవాళ్ళ మారథాన్ ఎండకి భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. అందరూ ప్రపంచస్థాయి రన్నర్లే, ఆకాశంలో సూర్యుడు లేడు. ఉక్కపోతే వాళ్ళని ఆపేసింది.

కాబట్టి మొదటి జాగ్రత్త వేగం తగ్గించడం. ఏప్రిల్ మొదటి రెండు వారాలూ ఒంటికి అలవాటు పడే సమయం ఇవ్వండి. వేడికి శరీరం సర్దుకోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి శాతం పెరుగుతుంది. ఆ రెండు వారాలూ అరగంట, ముప్పావుగంట తేలిక పరుగులు చాలు. తర్వాత కూడా వాచీలో వేగం చూడొద్దు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అదే మీ వేగం. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల వాళ్ళు ఏడుంబావుకి వచ్చినా దిగులు పడొద్దు, చలికాలంలో అది తిరిగొస్తుంది. ఇంట్లో రాత్రంతా ఏసీలో పడుకుని, ఆఫీసులో పగలంతా ఏసీలో ఉండేవాళ్ళకి అలవాటు పడటం ఇంకా ఆలస్యమవుతుంది. వాళ్ళు మూడు వారాలు అనుకోండి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మే 25 నుంచి దాదాపు రెండు వారాలు ఈసారి లాంగ్ రన్‌లు ఉండవు. ఎంత బతిమాలినా పెట్టం. ఆ రోజుల్లో గంటకు మించి ఎవరూ పరిగెత్తకండి, ఒంటరిగా అసలు వద్దు. సాయంత్రం పరుగు మంచిదని కొందరు అంటున్నారు. బందరు రోడ్డు పగలంతా పీల్చిన వేడిని రాత్రి ఎనిమిదింటికి కూడా వదుల్తూనే ఉంటుంది, దానికి తోడు బండ్ల పొగ. నా సలహా ఉదయమే.

ఇక ఎప్పుడు ఆగాలో. తల దిమ్ముగా ఉన్నా, వికారం వచ్చినా, అంత వేడిలో ఒళ్ళు గగుర్పొడిచి చలి అనిపించినా, కళ్ళు బైర్లు కమ్మినా అక్కడికక్కడే ఆగిపోండి. నెమ్మదిగా పరిగెత్తి చూద్దాం అనుకోవద్దు. పక్కవాళ్ళు గమనించాల్సినవి వేరే ఉన్నాయి. అడిగిందే అడగడం, పొంతన లేని జవాబు, ఊరికే చిరాకుపడటం, అడుగు తూలడం, ఉన్నట్టుండి వేగం పెంచడం. మాట తేడాగా ఉందంటే మెదడుకి వేడి ఎక్కిందని అర్థం. చెమట పడుతున్నా సరే అది వడదెబ్బే. పరుగులో వచ్చే వడదెబ్బలో చాలామందికి చెమట ఆగదు. ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అనే మాట ఎండలో పనీపాటా లేకుండా ఉండిపోయిన పెద్దవాళ్ళ విషయంలో చెప్పుకునేది, దాన్ని మనకి అన్వయించుకోకండి.

అప్పుడు చేయాల్సినవి ఒకే వరసలో జరగాలి. ముందు చల్లార్చడం, తర్వాత తరలించడం. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్ళు ఒక్క క్షణం ఆగకుండా చన్నీళ్ళు పోయాలి. అన్నిటికంటే మేలు మెడదాకా చల్లటి నీళ్ళలో ఉంచడం. రోడ్డు మీద తొట్టి ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఈసారి బరకం పట్టా కొన్నాం. మనిషిని దాని మీద పడుకోబెట్టి, నాలుగువైపులా నలుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి అవుతుంది. అందులో రెండు క్యాన్ల నీళ్ళు, ఐసుగడ్డలు పోసి, నీళ్ళు అటూ ఇటూ కదిలేలా ఊపుతూ ఉండాలి. తల ఒకరు పట్టుకోవాలి, ముక్కూ నోరూ నీళ్ళకి పైన ఉండాలి. కుప్పకూలిన అరగంటలోపు ఒంటి వేడి దిగితే ప్రాణానికి భరోసా. వేడి ఒంటి మీద చన్నీళ్ళు పోయకూడదన్న మాట మన ఇళ్ళలో చాలా గట్టిగా ఉంది. మా అమ్మ కూడా అనేది. ఈ ఒక్క విషయంలో దాన్ని పక్కన పెట్టండి, దయచేసి. మాట తడబడే మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, పొరబోతుంది. పారాసిటమాల్ ఇవ్వకండి, అది జ్వరానికి పనిచేస్తుంది కానీ ఈ వేడికి పనిచేయదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకొస్తే వడదెబ్బ తగలదని నమ్మి ఏమరుపాటుగా ఉండకండి. ఒకసారి వడదెబ్బ తగిలినవాళ్ళు ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం వారం కదలకుండా ఉండి, డాక్టరు సరే అన్నాకే మళ్ళీ రావాలి.

నీళ్ళ గురించి రెండు వైపులా తప్పులు చూస్తున్నాను. కొందరు గంటన్నర పరుగుకి గుక్కెడు నీళ్ళు కూడా తెచ్చుకోరు. ఇంకొందరు దాహం లేకపోయినా లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్ళు తాగేస్తారు. రెండోది కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, చివరికి ఫిట్స్ దాకా వెళ్తుంది. పరుగుకి ముందూ తర్వాతా ఇంట్లో బరువు చూసుకోండి. కిలో తగ్గిందంటే దాదాపు లీటరు నీళ్ళు పోయినట్టు. 70 కిలోల మనిషికి కిలోన్నర తగ్గుదల హద్దు అనుకోండి. పెరిగారంటే ఎక్కువ తాగారన్నమాట. గంట దాటిన పరుగుకి ఓఆర్ఎస్ వెంట ఉంచుకోండి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలపాలి, అర లీటరు సీసాలో గుమ్మరించకూడదు. డబ్ల్యూహెచ్‌ఓ కొలతలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు. ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు ఈ కొలతలో ఉండవు. వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆహార నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే కొనకండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. ఇంటికెళ్ళాక ఉప్పేసిన మజ్జిగ, రాగి జావ, పెరుగు వేసిన చద్దన్నం, అన్నీ మంచివే. కాలానికి తగ్గట్టు తాటిముంజలు ఎలాగూ ఉన్నాయి.

మందులు వాడేవాళ్ళు దాచొద్దు. బీపీకి వాడే కొన్ని మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి, జలుబుకి వేసుకునే మత్తు మాత్రలు వేడికి తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. డాక్టరుని అడిగి రండి, మీ అంతట మీరు మాత్రలు మాత్రం ఆపకండి. మోకాలి నొప్పి అని పరుగుకి ముందు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటు పూర్తిగా మానాలి. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. జ్వరం, విరేచనాలు, రాత్రి నిద్ర లేకపోవడం, ముందురోజు మందు పార్టీ, వీటిలో ఏది ఉన్నా ఆ ఉదయం పరుగు లేదు. రాలేనని గ్రూపులో ఒక మాట పెడితే ఎవరూ వేళాకోళం చేయకూడదు. చేస్తే నేనే మాట్లాడతాను.

పందాల సంగతికొస్తే, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి ఈసారి ఏడుగురు పేర్లిచ్చారు. దానికి తయారీ అంతా సరిగ్గా ఈ ఎండల్లోనే పడుతుంది. ఇంతకుముందు కనీసం రెండు హాఫ్ మారథాన్లు పూర్తి చేసినవాళ్ళయితే సరే. మొదటిసారి 42.195 కిలోమీటర్లు పరిగెత్తాలనుకునేవాళ్ళు జనవరిలో ముంబయి లాంటిది పెట్టుకోండి, వానలు పడ్డాక తయారీ మొదలుపెట్టొచ్చు. మేలో మనలో మనం పెట్టుకునే 10 కిలోమీటర్ల పందెం ఈ ఏడాది నుంచి తీసేశాం. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ అనే లెక్క 28 డిగ్రీలు దాటితే దూరపు పందాలు రద్దు చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ చెప్పింది. 30 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న రోజున సూర్యుడు పైకి రాకముందే మనం ఆ గీత దాటేస్తాం. ఇంక పందెం ఎక్కడ పెడతాం?

చిన్నవి కొన్ని. చీకట్లో మెరిసే పట్టీ లేనిదే లైన్లో నిలబడొద్దు. బండ్లకి ఎదురుగా పరిగెత్తండి, వెనక నుంచి వచ్చే ఇసుక లారీ మీకు కనబడదు. పరుగు అయ్యాక ఒళ్ళు చల్లబడుతుందని కాలవలోకీ ఘాట్ మెట్ల మీంచి నదిలోకీ దిగొద్దు, అలిసిన కాళ్ళకి లోతు తెలియదు. తొడలు ఒరుసుకుపోయేవాళ్ళు కొబ్బరినూనె కాకుండా వ్యాజిలీన్ రాసుకుంటే ఎక్కువసేపు ఉంటుంది.

మన వైపు నుంచి చేసేవి ఇవి. ప్రతి లాంగ్ రన్‌కీ చివర ఒక అన్న లేదా అక్క ఉంటారు, వాళ్ళ వెనక ఎవరూ ఉండరు. బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెడతాం, వచ్చాక మళ్ళీ లెక్కపెడతాం. దారిని 18 కిలోమీటర్ల ఒకే గీతలా కాకుండా ఘాట్ చుట్టూ మూడు కిలోమీటర్ల చుట్లుగా మార్చాం. ఆగాలనుకున్నవాళ్ళు ఏ చుట్టులోనైనా సిగ్గుపడకుండా చెప్పులు విడిచిన చోటికి వచ్చేయొచ్చు, బ్యారేజీ నడిమధ్యలో ఇరుక్కుపోరు. ఆగినవాళ్ళని ఎందుకు ఆగావని అడగం, నీళ్ళు కావాలా అని అడుగుతాం. మీ చెప్పుల సంచిలో రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు, వాడే మందుల పేర్లు రాసిన కాగితం ఒకటి పెట్టండి.

ఈ ఆదివారం పరుగు లేదు. ఉదయం ఐదింటికి పద్మావతి ఘాట్ దగ్గర బరకం పట్టా తెస్తాం, ఐసు తెస్తాం. ఒకరిని పడుకోబెట్టి, నిజంగానే నీళ్ళు పోసి, అంచులు ఎవరు పట్టుకోవాలి, తల ఎవరు పట్టుకోవాలి, ఫోన్ ఎవరు చేయాలి అన్నీ ఒకటికి నాలుగుసార్లు చేసి చూద్దాం. పడుకోవడానికి రెండేళ్ళ కిందట వడదెబ్బ తగిలిన ఆ అన్నే ముందుకొచ్చాడు. పాత తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు తెచ్చుకోండి.