కామిక్ కవర్‌కి రబ్బరు అక్కర్లేదు

కామిక్ కవర్‌కి ఇంకు వేశాక కింది పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరిపితే నల్ల గీత కూడా వెలిసిపోతుంది, కాగితం పొరలు లేస్తాయి. అందుకే స్కెచ్‌ని లేత నీలం పెన్సిల్‌తో వేయండి.

11×17 అంగుళాల బోర్డు (అమెరికన్ కామిక్స్‌లో మామూలుగా వాడే కొలత) మీద పైన నాలుగో వంతు టైటిల్‌కి వదలండి. హీరో తల కాస్త అందులోకి వచ్చినా అందమే. నల్ల ఇంకు పూర్తిగా ఆరాక, ఏదీ చెరపకుండా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) కలర్ స్కాన్ తీయండి. ఫోటోషాప్‌లోగానీ ఉచితంగా దొరికే గింప్‌లోగానీ ఛానెల్స్ (బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడదీసి చూపే పొరలు) తెరిచి బ్లూ ఒక్కటే ఉంచితే, అందులో నీలం గీతలు కాగితంలాగే తెల్లగా కనిపించి దాదాపు మాయమవుతాయి. ఇంకా మిగిలిన లేత మరకలు లెవెల్స్‌లో (నలుపు తెలుపుల మోతాదు సరిచేసే సాధనం) తెలుపు వైపు గుర్తును కొద్దిగా జరిపితే పోతాయి.

ముదురు నీలంతో గట్టిగా నొక్కి గీస్తే మాత్రం ఇది పనిచేయదు.