ఎండలో పనిచేసేవాళ్లు విటమిన్ డి, షుగర్ సంగతి ఎలా చూసుకోవాలి?

"పొద్దస్తమానం ఎండలోనే ఉంటాం, మాకు విటమిన్ డి తక్కువేంటండీ?" కూలికెళ్లేవాళ్లు ఇలా అడగడంలో న్యాయం ఉంది. కానీ 2007లో వెలువడిన తిరుపతి వైద్యుల అధ్యయనంలో, పొలం పనులు చేసే పల్లెవాళ్లలో కూడా చాలామందికి ఈ విటమిన్ తక్కువే ఉంది. పట్నంవాళ్ల కంటే కాస్త నయం, అంతే.

ముందు మీ ఒంటి మీద ఎండ ఎక్కడ పడుతోందో చూసుకోండి. మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లను గమనించండి: చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తల చుట్టూ ముఖం దాకా తువ్వాలు. ఘాటుకీ ఎండకీ అది తప్పదు. అయితే చర్మానికి తగిలే ఎండ మణికట్టు కింద చేతులకే. పైగా నల్లటి చర్మానికి ఇంకాస్త ఎక్కువ సేపు కావాలి.

తర్వాత నీడ చూడండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడే చర్మం విటమిన్ డి బాగా తయారుచేసుకుంటుంది. మన దగ్గర మే నెలలో దాదాపు తొమ్మిదింటి నుంచి మూడు దాకా ఆ నీడ ఉంటుంది, డిసెంబరులో పదకొండు నుంచి ఒంటిగంటన్నర వరకే. పొద్దున ఆరింటికి మొదలెట్టి ఎండ ముదిరేలోపు ముగిసే పనిలో ఆ సమయం దొరికేది కొంచెమే. అందుకని మే నెల మిట్టమధ్యాహ్నం నిలబడమనడం లేదు, వడదెబ్బ ప్రాణం తీస్తుంది. చలికాలంలో అన్నం తినే వేళ తువ్వాలు తీసి, చేతులు మోచేతుల దాకా మడిచి ఓ పావుగంట కూర్చుంటే మేలు. గంటలు గంటలు ఉన్నా లాభం లేదు, కొంతసేపటికి చర్మమే తయారీ ఆపేస్తుంది.

నడుము, తొడల్లో నొప్పులు, మెట్లెక్కలేనంత నీరసం వదలకుండా ఉంటే డాక్టర్ని అడిగి పరీక్ష చేయించండి. చీటీలో "25-హైడ్రాక్సీ విటమిన్ డి" అని ఉండాలి. 20 నానోగ్రాముల లోపు వస్తే లోటు అంటారు.

షుగర్, బీపీ కూడా ఇదే వరసలో చూసుకోవాలి. "ఇంత కష్టం చేసేవాడికి షుగరేంటి" అనుకుని ఆలస్యం చేసేవాళ్లే ఎక్కువ. టైలర్ టేపు తీసుకుని చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య నడుము చుట్టూ, ఊపిరి వదిలాక కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి. పరగడుపున షుగర్ 100 దాటినా, బీపీ 130/85 దాటినా అంతే. 30 ఏళ్లు నిండితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ రెండూ ఉచితంగా చూస్తారు.

విటమిన్ డి తక్కువున్నవాళ్లలో షుగర్ ఎక్కువ కనిపించే మాట నిజమే, కానీ గోలీ వేసుకుంటే షుగర్ ఆగిపోదు. 2019లో అమెరికాలో షుగర్ అంచున ఉన్న రెండు వేలమందికి పైగా పరీక్షిస్తే, రోజూ 4000 యూనిట్లు వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సాయంత్రం సారా, బీడీ, కంచం నిండా తెల్లన్నం: నా ఉద్దేశంలో ముందు తేల్చుకోవాల్సింది వాటి సంగతి.

తిండిలో కాల్షియం తగ్గితే ఒంట్లో ఉన్న విటమిన్ డి కూడా త్వరగా ఖర్చయిపోతుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. రాత్రి పులియబెట్టిన రాగి అంబలైతే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. పెరుగు, నువ్వులు, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలూ మంచివే.

డాక్టర్ 60,000 యూనిట్ల విటమిన్ డి సాషే (పొడి పొట్లం) రాస్తే మాత్రం జాగ్రత్త. అది సాధారణంగా వారానికి ఒకటి. రోజుకొకటి అనుకుని వేసేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీకి దెబ్బ. క్యాలెండర్‌లో చెప్పినన్ని ఆదివారాలకు సున్నాలు చుట్టి, అన్నం తిన్నాక పాలతో వేసుకుని, ఆ సున్నా కొట్టేయండి. సున్నాలయ్యాక రెండో ప్యాకెట్ సొంతంగా కొనకండి, మళ్లీ పరీక్ష ఎప్పుడో డాక్టర్నే అడగండి.