నీరసానికి చైనా కషాయం మొదలుపెట్టే ముందు

సింగపూర్‌లోనో మలేషియాలోనో ఉంటూ ‘ఒంట్లో సత్తువ లేదు’ అని చైనా మందుల దుకాణంలో అడిగితే, చేతికి రావడానికి అవకాశమున్న వాటిలో ‘బు ఝోంగ్ యీ చీ తాంగ్’ ఒకటి. 13వ శతాబ్దపు వైద్యుడు లీ దోంగ్‌యువాన్ కూర్చిన యోగం, అంటే మూలికల కలయిక, ఇది. జపాన్‌లో దీన్ని ‘హోచుఎక్కితో’ అంటారు. అక్కడ ఆరోగ్య బీమా కింద డాక్టర్లే రాస్తారు. కాబట్టి దీన్ని నాటు మందని తోసిపుచ్చలేం. అలాగని కళ్లు మూసుకుని తాగనూ వద్దు.

పనిచేస్తుందనడానికి ఆధారాలు చిన్నవి. నీరసంగా ఉన్న వృద్ధులపై జపాన్‌లో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది తెలియకుండా ఇచ్చారు, ఫలితం బాగుంది. అయితే ఈ మందుతో ముందే కాస్త తేరుకున్నట్టు కనిపించిన వారినే అసలు పరీక్షకు ఎంచుకున్నారు. సరిపడే వారిని ఏరి తీసుకుని సరిపడిందంటే, మిగతావారి సంగతి తేలనట్టే. కొరియాలో 2010లో 40 మంది క్యాన్సర్ రోగుల్లో కొందరికి రెండు వారాలు ఇచ్చి చూస్తే అలసట తగ్గిందన్నారు. పోల్చింది మాత్రం ఈ మందు లేకుండా తమ వంతు కోసం ఆగిన మిగతావారితో. మందు తాగుతున్నామన్న ధీమా తెచ్చే ఉత్సాహాన్ని అందులోంచి విడదీయలేం.

అందుకే కషాయం కన్నా ముందు రక్తపరీక్ష. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, బి12 లోపం, క్షయ, దిగులు జబ్బు, వీటన్నింటికీ పైకి కనిపించేది నీరసమే. కారణం తెలియకుండా నెలల తరబడి బలం మందు తాగితే అసలు జబ్బు ముదురుతుంది.

ఇక నాకు అన్నింటికన్నా గట్టిగా చెప్పాలనిపించేది అతిమధురం గురించి. ఈ యోగంలోని మూలికల్లో ‘గాన్ త్సావ్’ మన అతిమధురానికి దగ్గరి చుట్టం. దీన్ని ఎక్కువ కాలం తీసుకుంటే కొందరిలో శరీరం ఉప్పును, నీటిని పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. చీలమండలు వాస్తాయి, రక్తపోటు పెరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి, మెట్లెక్కుతుంటే తొడలు మొరాయిస్తాయి. అంటే నీరసానికని తాగిన మందే నీరసం తెస్తుంది! రోగి మాత్రం ‘ఇంకా బలం రాలేదు’ అనుకుని మోతాదు పెంచుతాడు. రక్తపోటుకో గుండెకో మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు, డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవారు డాక్టరును అడగకుండా దీని జోలికే వెళ్లకూడదు. ఇంటి నుంచి తెప్పించుకున్న యష్టిమధు చూర్ణం (అదీ అతిమధురమే), అది కలిసిన దగ్గు మందు కూడా పక్కనే నడుస్తుంటే అతిమధురం రెండింతలవుతుంది. ఈ లెక్క ఎవరూ వేసుకోరు. మొదలుపెట్టే ముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత మరోసారి పొటాషియం, రక్తపోటు చూపించుకోండి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి ఇంకో చిక్కు. ఈ కషాయంలో జిన్సెంగ్, ‘దాంగ్ గుయ్’ అనే మూలికలు రెండూ ఉంటాయి. జిన్సెంగ్‌లో మరో రకమైన అమెరికన్ జిన్సెంగ్ వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుందని 2004లో చూపారు, దాంగ్ గుయ్ పెంచవచ్చు. రెండూ చెల్లుకు చెల్లు అవుతాయనుకోవడం ప్రమాదం. ఆపరేషన్ ఉంటే కనీసం వారం ముందే ఆపి, మత్తు డాక్టరుకు విషయం చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమంతట తాము వాడవద్దు.

పొడి దగ్గు, ఆయాసం, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా ఆ పూట నుంచే మందు ఆపి ఆస్పత్రికి వెళ్లండి. ఊపిరితిత్తుల వాపు, కాలేయం దెబ్బతినడం జపాన్‌లో ఈ మందు కాగితం మీదే అచ్చేసిన ప్రమాదాలు. అరుదే, కానీ ఉన్నాయి.

విడి మూలికల పొట్లాల కన్నా తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, ప్రతి మూలిక బరువు అచ్చేసిన పెట్టె మేలు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక చైనా మూలికకు బదులు పేరు కలిసిన మరొకటి చేరి ఎందరో మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి. పెట్టెను పారేయకుండా ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. డాక్టరు అడిగితే ‘ఏదో చైనా పొడి’ అనే బదులు అది చూపించవచ్చు.