ఎఫ్12 నొక్కి జావాస్క్రిప్ట్ మొదలెట్టండి

మన పర్లాకిమిడి, బరంపురం వైపు పిల్లలు తరచూ అడుగుతుంటారు, వైజాగ్ వెళ్లి కోచింగ్ తీసుకోకుండా వెబ్ ప్రోగ్రామింగ్ వస్తుందా అని. వస్తుంది, పైసా ఖర్చు లేకుండా. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి), కన్సోల్ ట్యాబ్‌లోకి వెళ్లి ఏదైనా లెక్క టైప్ చేసి ఎంటర్ కొడితే జవాబు అక్కడికక్కడే వచ్చేస్తుంది. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన భాష ఈ జావాస్క్రిప్ట్, ఇవాళ ప్రతి బ్రౌజర్‌లోనూ ఉంది.

ముందు వేరియబుల్, అంటే ఒక విలువని దాచుకునే పేరు, నేర్చుకోండి. దాన్ని తయారుచేసే లెట్ అనే మాట ఇంగ్లీషులోనే కొట్టాలి గానీ దాని పక్కన పేరు తెలుగులో "ధర" అని పెట్టినా నిజంగానే పనిచేస్తుంది, ఒడియా మీడియంలో చదివినవాళ్లు ఒడియాలో పెట్టుకున్నా సరే.

ఇప్పుడు జీడిపప్పు బిల్లు వేద్దాం. ప్రాంప్ట్‌తో (తెరమీద పెట్టె చూపించి జవాబు అడిగే ఆదేశం ఇది) ధర అడిగి, 800 అని ఇచ్చి, దానికి రవాణా 50 కలపండి, 850 రావాలి కదా, 80050 వస్తుంది! నేనైతే ఒక సాయంత్రమంతా దీనిమీదే కూర్చున్నా. ప్రాంప్ట్ ఇచ్చేది అంకె కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, ప్లస్ గుర్తు ఆ రెంటినీ పక్కపక్కన అతికించేస్తుంది. నంబర్ అని రాసి బ్రాకెట్లో ధర పెట్టండి, లెక్క సరిపోతుంది. గుణిస్తే మాత్రం ఈ తేడా రాదు, అందుకే కొత్తవాళ్లకి ఇంకా తికమక.

తర్వాత ఇఫ్ (షరతు పెట్టడం), ఫర్ లూప్ (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించడం), ఫంక్షన్ (ఒక పనికి పేరు పెట్టి దాచుకోవడం), ఈ వరసలోనే వెళ్లండి. వీడియోలు చూసి వదిలేయకండి, చేత్తో కొట్టండి, ఎర్రగా "నాట్ డిఫైన్డ్" అని వస్తే ముందు స్పెల్లింగ్ చూసుకోండి.