“రావట్లేదు, హెల్ప్ ప్లీజ్” అంటే ఎవరూ పలకరు: స్వీట్ హోమ్ 3డి వాడేవాళ్లకు సమస్య - పరిష్కారం

ఇల్లు కట్టే ముందు ప్లాన్ మనమే ఓసారి గీసి చూసుకుందామన్న సరదా ఈమధ్య చాలామందికి పట్టుకుంది. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ కావాలంటే ముందుగా వినిపించే పేరు స్వీట్ హోమ్ 3డి. ఫ్రాన్స్‌కు చెందిన ఎమాన్యుయేల్ ప్యూబరే తయారుచేసిన ప్రోగ్రామ్ ఇది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు కింద ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఉచితం కాబట్టి ఫోన్ చేస్తే ఎత్తే కస్టమర్ కేర్ ఉండదు. ఇరుక్కుపోతే మనలాగే దాన్ని వాడే ఇంకొకరు ఆన్‌లైన్లో దయతలచి చెప్పాల్సిందే.

నేను మొదట అడిగేవాణ్ని, తర్వాత్తర్వాత చెప్పేవాళ్లలో చేరాను. రెండు వైపులా కూర్చున్నాక తెలిసిందేమంటే, సాయం అందకపోవడానికి జవాబు తెలిసినవాళ్లు లేకపోవడం అరుదుగా కారణమవుతుంది. చెప్పేవాడికి మీ స్క్రీన్ కనబడదు, మీ స్థలం కనబడదు, మీ గోడ మందం తెలియదు. చిక్కంతా అక్కడే.

అడిగి రెండు రోజులైంది, ఒక్కరూ పలకలేదు

ఏమడిగారో మళ్లీ చదవండి. “గోడలు సరిగా రావట్లేదు, అర్జెంట్, ఎవరైనా హెల్ప్ చేయండి” అని ఉంటే, అది డాక్టరు దగ్గరికెళ్లి “బాగాలేదండీ” అని ఊరుకోవడం లాంటిది. డాక్టరైతే ఫీజు తీసుకున్నాడు గనక ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. ఇక్కడివాళ్లకు ఆ అవసరం లేదు, పక్క ప్రశ్నకు వెళ్లిపోతారు.

ఏం చేశారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది: ఈ మూడూ చెప్పండి. దాంతోపాటు హెల్ప్ మెనూలో (మ్యాక్‌లో అయితే స్వీట్ హోమ్ 3డి మెనూలో) అబౌట్ నొక్కితే కనిపించే వెర్షన్ నంబరు, మీ కంప్యూటరు విండోసా మ్యాకా అన్నది. పై ప్రశ్ననే ఇలా రాసి చూడండి: “విండోస్ 11లో వాడుతున్నాను. నాలుగు గోడలు గీశాను. రూమ్ టూల్‌తో మధ్యలో డబుల్ క్లిక్ చేస్తే గది నిండాలి, కానీ ఏమీ జరగట్లేదు. ప్లాన్ స్క్రీన్‌షాట్ ఇదిగో.” దీనికి జవాబు ఒక్క లైను. మూలల్లో ఎక్కడో గోడలు కలవలేదు, చుట్టూ మూసుకుంటే తప్ప గది నిండదు. మూల దగ్గర జూమ్ చేసి, గోడ కొసను పట్టి లాగి రెండో గోడ కొసకు అతికిస్తే సరి.

స్క్రీన్‌షాట్ అన్నాను, మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీయడం కాదు. ఆ గళ్లగళ్ల ఫొటోలో మూల కలిసిందో లేదో దేవుడికి కూడా తెలియదు.

ఇంకో చిన్న సంగతి. జవాబులు చెప్పేవాళ్లలో చాలామంది యూరప్‌లో ఉంటారు. మనకు రాత్రి ఏడైతే ప్యారిస్‌లో ఎండాకాలం మధ్యాహ్నం మూడున్నర, చలికాలం రెండున్నర. మనం పొద్దున్నే ఆరింటికి అడిగి ఎనిమిదికల్లా “ఎవరూ పట్టించుకోరేం” అని నిష్ఠూరమాడితే, పాపం వాళ్లింకా నిద్రలోనే ఉంటారు.

గీసింది పదడుగులు, మిగిలింది తొమ్మిదింపావు

ఇది నా సొంత గొడవ. మా బావగారి ఇంటికి ప్లాన్ గీసి ప్రింటు తీసి గొప్పగా మేస్త్రి చేతిలో పెట్టాను. ఆయన ఓ నిమిషం చూసి, “సార్, ఈ బెడ్రూమ్ లోపల పదడుగులు రాదండీ” అన్నాడు. సాఫ్ట్‌వేర్ పదడుగులు చూపిస్తోంది కదా అని వాదించాను. ఇంటికొచ్చి “కొలతలు తప్పు చూపిస్తోంది, బగ్ ఉంది” అని ఆన్‌లైన్లో పెట్టాను. వచ్చిన మొదటి జవాబు ఎదురు ప్రశ్న: “గోడ మందం ఎంత పెట్టారు? ఎక్కణ్నుంచి ఎక్కడికి కొలిచారు?”

అక్కడే విషయం బయటపడింది. స్వీట్ హోమ్ 3డి గోడను మధ్యగీత వెంబడి కొలుస్తుంది. మీరు పదడుగుల గోడ గీస్తే, అది ఒక అడ్డగోడ నడుమ నుంచి ఇంకో అడ్డగోడ నడుమ దాకా పదడుగులు. రెండు వైపులా 9 అంగుళాల గోడలైతే చెరో నాలుగున్నర అంగుళాలు గది లోపలికి వచ్చేస్తాయి. 120 అంగుళాల్లో 9 పోతే 111, అంటే 9 అడుగుల 3 అంగుళాలు. డబుల్ కాట్ పక్కన బీరువా తలుపు తెరుచుకోకపోవడానికి ఆ ముప్పావు అడుగు చాలు.

యూరప్ వాళ్లకు ఇది అంతగా తగలకపోవడానికి కారణం ఉంది. సెంటీమీటర్లలో వాడితే ప్రోగ్రామ్ తనంతట తాను పెట్టే గోడ మందం 7.5 సెంటీమీటర్లే, ఇంచుమించు మూడంగుళాలు. అమెరికాలో ఇళ్లయితే ఎక్కువగా చెక్క ఫ్రేముల గోడలు. మన తొమ్మిదంగుళాల ఇటుక గోడ, అంటే 22.86 సెంటీమీటర్లు, వాళ్ల ఊహకు వెంటనే రాదు. మనం చెబితే తప్ప.

లోపల నికరంగా 10 అడుగులు కావాలంటే, రెండు వైపులా తొమ్మిదంగుళాల గోడలైనప్పుడు 10 అడుగుల 9 అంగుళాలు గీయాలి. ఒకవైపు తొమ్మిది, రెండోవైపు నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ అయితే సగం సగం కలిపి 6.75 అంగుళాలు పెంచాలి. గీశాక డైమెన్షన్ టూల్‌తో గోడ లోపలి అంచు నుంచి అవతలి లోపలి అంచుకు కొలత గీత పెట్టి చూసుకోండి. మేస్త్రి చూసేది ఆ అంకెనే.

ఇక్కడే ఇంకొందరు బోర్లాపడతారు. ప్రిఫరెన్సెస్‌లో దశాంశ అడుగులు ఎంచుకుని 10.9 అని కొడతారు, పదడుగుల తొమ్మిదంగుళాలు అనుకుని. అది 10 అడుగుల 10.8 అంగుళాలు. పదడుగుల తొమ్మిదంగుళాలంటే 10.75.

జవాబులు వచ్చాయి, కానీ మన ఇంటికి అతకవు

“మాది 200 గజాలు, ఈస్ట్ ఫేసింగ్” అంటే మనవాళ్లకు ఇల్లంతా కళ్లముందు నిలుస్తుంది. ఫ్రాన్స్‌లో కూర్చున్నాయనకు గజమంటే పొడవు కొలత, ఆయన ఏదో ఊహించుకుని ఏదో చెబుతాడు. గజం అంటే 9 చదరపు అడుగులని రాయండి, లేకపోతే నేరుగా 167 చదరపు మీటర్లు అనండి. నెల్లూరు వైపు వాళ్లు అంకణాల్లో చెప్పే అలవాటు ఉంటే 36తో హెచ్చవేసి చదరపు అడుగులు ఇవ్వండి. ప్రశ్నలో కొలతలన్నీ సెంటీమీటర్లలో పెడితే సగం అపార్థాలు పుట్టవు: అడుగు 30.48, పదడుగుల ఎత్తు శ్లాబు 304.8. గోడల ఎత్తు మార్చకపోతే ప్రోగ్రామ్ 250 దగ్గరే ఆపేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

వాస్తు సంగతి. “పూజ గది ఈశాన్యంలో ఉండాలి, వంటిల్లు ఆగ్నేయంలో” అని వాళ్లకు వివరించబోతే చర్చ మొత్తం అటు మళ్లుతుంది, మీ మెట్ల సమస్య మెట్ల దగ్గరే ఉండిపోతుంది. నేనైతే “ఈ రెండు గదులు కదపడానికి లేదు” అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాను. ఎవరూ ఎందుకని అడగలేదు. ప్లాన్‌లోని దిక్సూచిని మాత్రం మీ స్థలం ఉత్తరానికి సరిగ్గా తిప్పండి. ఎండ ఎటునుంచి పడేదీ దాన్నిబట్టే లెక్కవుతుంది.

ఒక హెచ్చరిక. “ఆ మధ్య పిల్లర్ తీసేయండి, హాలు విశాలంగా వస్తుంది” అనే సలహా తప్పకుండా వస్తుంది. బొమ్మలో పిల్లర్ తీసేయడానికి ఒక్క డిలీట్ చాలు, పైన శ్లాబు నిలబడుతుందో లేదో ఈ ప్రోగ్రామ్ లెక్కకట్టదు. ఆ మాట స్ట్రక్చరల్ ఇంజనీరును అడగాలి, సోఫా రంగు మాత్రం ఎవరినైనా అడగొచ్చు.

పాత ప్లాన్ స్కాన్ మీద గీస్తే ఇల్లు అడుగు తేడా

స్కాన్ చేసిన ప్లాన్‌ను వెనక పెట్టుకుని గీసేటప్పుడు, తెలిసిన ఒక పొడవు మీద గీత పెట్టి అదెంతో చెప్పమంటుంది. చాలామంది మూడడుగుల గుమ్మం మీద పెడతారు. అక్కడ గీత ఒక్క అంగుళం అటూఇటూ అయినా, 36లో ఒక వంతు తప్పు. అదే తప్పు 40 అడుగుల పొడవుకు పాకితే పదమూడు అంగుళాలు దాటుతుంది. ప్లాన్‌లో కొలత రాసి ఉన్న అన్నిటికన్నా పొడవైన గోడను పట్టుకోండి. సాయం అడిగేటప్పుడు ఏ గోడ మీద స్కేలు పెట్టారో చెప్పండి.

చిన్నా చితకా

తలుపు పెట్టినా గోడకు కంత పడట్లేదంటే, బయటినుంచి దించుకున్న మోడల్‌ను ఇంపోర్ట్ చేసేటప్పుడు అది తలుపు లేదా కిటికీ అని టిక్కు పెట్టి ఉండరు. మళ్లీ ఇంపోర్ట్ చేయండి.

ఫొటో తీస్తే గదంతా చీకటి. క్రియేట్ ఫొటోలో క్వాలిటీ పెంచి, సీలింగ్ లైట్లు చేర్చే టిక్కు పెట్టండి, సమయం పగటికి మార్చండి.

ప్లాన్ కింద 3డి బొమ్మ కనిపించాల్సిన భాగం నల్లగా ఉండిపోతే ముందు అనుమానించాల్సింది గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను. అప్‌డేట్ చేసినా తీరకపోతే ప్రశ్నలో కార్డు పేరు తప్పకుండా రాయండి, మొదట అడిగేది అదే.

“మీ ఫైల్ పంపండి” అన్నారు. పంపాలా?

పంపితే నాలుగు రోజుల సంభాషణ నాలుగు నిమిషాల్లో తేలుతుంది. కానీ ఉన్నదున్నట్టు పంపకండి. మీ ప్లాన్ సేవ్ అయ్యే ఎస్‌హెచ్‌3డి ఫైలు నిజానికి చాలా ఫైళ్లను కలిపి కట్టిన జిప్ మూట లాంటిది. సోఫాలు, మంచాల మోడళ్లు, గోడలకు, నేలకు అతికించే టెక్స్చర్ బొమ్మలు, వెనక పెట్టుకున్న స్కాన్ బొమ్మ కూడా దాంట్లోనే ఉంటాయి. ఆ స్కాన్ మీద యజమాని పేరు, సర్వే నంబరు రాసి ఉండటం మామూలే. దిక్సూచిలో అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. మీరు సొంత స్థలానివి నింపి ఉంటే, మీ ఇల్లెక్కడో, బీరువా ఏ గదిలోనో ఒకే ఫైల్లో ఊరంతటికీ చెప్పినట్టు.

సేవ్ యాజ్‌తో వేరే పేరున కాపీ చేయండి. దిక్సూచిలో ఊరు మార్చండి, స్కాన్ తీసేయండి. తర్వాత సమస్యతో సంబంధం లేని గదులు, సామాను ఒక్కొక్కటిగా చెరుపుతూ, ప్రతిసారీ సమస్య ఇంకా ఉందా అని చూడండి. ఏదో ఒకటి తీసేయగానే సమస్య మాయమైందా, దొంగ దొరికినట్టే. నేను ఇలా చెరుపుకుంటూ పోయి, అడగబోయిన ప్రశ్నను అడక్కుండానే మూసేసిన సందర్భాలే ఎక్కువ. దొరకకపోతే చివరికి మిగిలిన ఒక గోడ, ఒక మెట్ల ముక్క ఉన్న చిన్న ఫైలు పంపండి. దాన్ని తెరవడానికి ఎవరూ విసుక్కోరు.

పని అయిపోయింది, “థాంక్స్, వచ్చేసింది” అని రాశారు

ఏది చేస్తే వచ్చింది? మూడు నెలల తర్వాత ఇదే చిక్కులో ఇంకొకరు వెతుక్కుంటూ వచ్చి మీ థాంక్స్ చదివి జుట్టు పీక్కుంటారు. “గోడ మధ్యగీత నుంచి కొలుస్తుందని తెలియక 10 అడుగులు గీశాను, 10 అడుగుల 9 అంగుళాలు చేశాక లోపల పదడుగులు వచ్చింది” అని నేను రాసిన లైను కింద, ఆ తర్వాత ఎవరో వచ్చి “నాకు ఆరంగుళాల గోడలు, ఎంత పెంచాలి?” అని అడిగారు. ఆరు, అని చెప్పాను.