త్రాసు అక్కకిచ్చేశాను

మొదట్లో బాగానే ఉండేది. తిన్నదల్లా కేలరీలు లెక్కపెట్టే యాప్‌లో రాసుకోవడం, రాత్రికి ఆ రోజు మొత్తం ఎంతైందో చూసుకోవడం, అంతే. నాలుగు నెలలకల్లా ఆపిల్‌ను కూడా తూచకుండా తినలేని స్థితికొచ్చాను. ఒకసారి తిన్నాక మిగిలిన తొడిమ, గింజలు మళ్లీ త్రాసు మీద పెట్టి ఆ బరువు తీసేశాను! ఎవరైనా భోజనానికి పిలిస్తే టెన్షన్. ఏదో సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. సరిగ్గా నిద్ర లేదు, ఎప్పుడూ చలి, చిరాకు.

అక్క పట్టుబడితే డాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. గ్రాము పిండిపదార్థానికి 4, ప్రోటీన్‌కు 4, కొవ్వుకు 9 కేలరీలు అన్నవి సగటు అంకెలేనని ఆవిడ చెప్పారు. బాదంపప్పులో కొంత కొవ్వు అసలు ఒంటికి పట్టకుండానే బయటికి పోతుందట. నేను రోజూ కుస్తీ పట్టిన ఆ చివరి ఐదు కేలరీలు ఎవరికీ కచ్చితంగా తెలియవన్నమాట.

యాప్ ఒక్కరోజులో తీసేయలేదు. ముందు త్రాసు అక్కకిచ్చేశాను. తర్వాత రోజుకో పూట రాయకుండా తినడం. మొదటి వారం ఆ పూటల్లో చేతులు వణికాయి, అంకెలు మనసులో తిరుగుతూనే ఉండేవి. కౌన్సెలింగ్ కూడా తీసుకున్నాను. అది లేకుంటే నా వల్ల అయ్యేది కాదు. ఇప్పటికీ ప్యాకెట్ చూస్తే కళ్లు లేబుల్ మీదికే వెళ్తాయి. చదివేసి, ప్యాకెట్ అటు తిప్పి తింటాను.