దేశం దాటే ముందు: బరంపురం కుర్రాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

సూరత్ వెళ్ళడానికి ఒడిశాలోని మా గంజాం జిల్లాలో ఎవరూ సలహా అడగరు. బరంపురంలో రైలెక్కడం, అన్నయ్య గదిలో చాప పరుచుకోవడం, వారం తిరిగేసరికి పవర్‌లూమ్ ముందు నిలబడటం. నచ్చకపోతే అదే రైల్లో వెనక్కి. ఆ ధీమాతోనే ఇప్పుడు దుబాయికీ కెనడాకీ బయల్దేరుతున్నారు. చిక్కంతా అక్కడే.

గల్ఫ్‌లో ఏ ఊళ్ళో ఉండాలన్నది మన చేతిలో ఉండదు. పని అనుమతి ఏ కంపెనీ పేరున వస్తే ఆ కంపెనీ క్యాంపే మన ఊరు. డబ్బు కట్టక ముందే కంపెనీ పేరు, సైటు ఎక్కడ, మూలజీతమెంత, ఓటీ (అదనపు గంటల జీతం) ఎంత, తిండీ గదీ ఎవరి ఖర్చు అన్నవి కాంట్రాక్టులో చూసుకోండి. "విజిట్ వీసా మీద వెళ్ళిపో, అక్కడ మార్పించేస్తాం" అన్నవాడితో మాట అక్కడితో ఆపేయండి. ఆ వీసాతో పనిచేస్తూ దొరికితే తప్పు మన నెత్తినే పడుతుంది.

పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్ళే ముందు ప్రభుత్వ తనిఖీ కావాలి) కిందికి వస్తుంది. సౌదీ, ఖతార్, కువైట్, మలేషియా వంటి 18 దేశాలకు పనికెళ్ళాలంటే వాళ్ళకి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో మీరే చూడొచ్చు. అతను తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, రసీదుతో. టీకొట్టు దగ్గర పాస్‌పోర్టులు పోగుచేసే మధ్యవర్తి ఎంత దగ్గరి చుట్టమైనా అతని దగ్గర లైసెన్సు ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా మాత్రం మానకండి. రెండేళ్ళకు 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు.

థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ, కంప్యూటర్ పని, భారీ జీతం అంటే అసలు కదలొద్దు. అలా వెళ్ళినవాళ్ళను మయన్మార్, కంబోడియా, లావోస్‌లలో బంధించి సైబర్ మోసాలు చేయించారు.

ఇక మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దువాళ్ళకే ప్రత్యేకమైన తలనొప్పి, పేరు. తెలుగింట్లో ఇంటిపేరు ముందు. ఒడియా బడి రిజిస్టర్లో "రావు" ఇంటిపేరైపోతుంది. ఆధార్‌లో ఒక అక్షరం ఎగిరిపోతుంది. ముగ్గురు అప్పారావులు తయారయ్యాక వీసా ఆఫీసు ఎవర్ని నమ్మాలి? టికెట్టు మాట ఎత్తక ముందే వీటిని కలపండి, నెలలు పడుతుంది. ఇంకోటి, ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో చదివి బరంపురంలో ఉంటున్నవాళ్ళు గుర్తుంచుకోవాలి: సర్టిఫికెట్ ఏ రాష్ట్రం ఇస్తే రాష్ట్ర స్థాయి అటెస్టేషన్ (అది అసలుదేనన్న ధ్రువీకరణ) అక్కడే. భువనేశ్వర్ చుట్టూ తిరిగి లాభం లేదు.

కెనడా లాంటి చోట్ల ఊరు మనమే ఎంచుకోవచ్చు. అక్కడే ఎక్కువమంది పొరబడతారు. బావగారు టొరంటోలో ఉన్నాడని టొరంటో. మొదటి నెలకి బావగారి సోఫా మంచిదే, కాదనను. కానీ ఆయన సాఫ్ట్‌వేర్, మీరు ఎలక్ట్రీషియన్. మీ పని సంగతి ఆయనకేం తెలుసు? ఆ పనే చేసేవాళ్ళను అడగండి. నర్సులకు లైసెన్సు ప్రావిన్సును బట్టి మారుతుంది, ఎక్కడ ఉండాలో తేల్చాకే దరఖాస్తు. క్యూబెక్‌లో ఫ్రెంచి రాకపోతే కష్టం. జర్మనీలో నర్సు పనికి జర్మన్ కావాలి. ఒడియా నేర్చుకోకుండా బరంపురం బజారులో మన తాతలు దుకాణం నడపగలిగారా? పెద్ద నగరంలో అద్దె జీతాన్ని సగం మింగేస్తుంది, చిన్న ఊళ్ళో కారు లేకుండా కదల్లేరు. రెండూ లెక్కేసుకోండి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా బయల్దేరకండి.

బయల్దేరే ముందురోజు పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఇంట్లో ఇవ్వండి. కంపెనీ పేరు, ఊరు, మీ గదిలో ఉండే ఒకరి నంబరు, ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం 1800 11 3090, ఇవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి క్యాలెండర్ పక్కన అంటించండి. అమ్మకి ఇంగ్లీషు రాదు కదా.